ఒక్క మోత

రెండో చుట్టు కూడా బిగించి, సైకిలు ట్యూబు ముక్క కొసని పంటితో పట్టి లాగి ముడి వేశాడు దేవరాజు. రేడియో హ్యాండిలుకి పుట్టుకతో వచ్చినట్టు కూచుంది. అరచేత్తో రెండుసార్లు తట్టి చూశాడు. కదల్లేదు. స్టేషను ముల్లు మీద గోళ్ళరంగు చుక్క ఉందో లేదోనని బొటనవేలితో తడిమాడు. ఉంది. గట్టు మీద గతుకులకి ముల్లు జరిగిపోతోందని ఒకసారి అంటే, అప్పుడు తొమ్మిదో తరగతి చదువుతున్న కూతురు గ్రేస్ తన సీసా తెచ్చి, ముల్లునీ అద్దాన్నీ కలిపి ఎర్రగా ఒక చుక్క పెట్టి ఆరేదాకా ఊదింది. ఇప్పుడు ఆ పిల్ల తాడేపల్లిగూడెంలో నర్సు. చుక్క సగం అరిగింది గాని ముల్లు ఈ పదకొండేళ్ళలో జరగలేదు.

సైకిలెక్కాడు. ఎడమ భుజం సలిపింది. రాత్రి ఆ పక్కకి ఒత్తిగిల్లి పడుకున్నందుకు అనుకున్నాడు.

గట్టు రేడియో వట్లూరులో, ఒక పాత హాస్టలు మేడ మీద మూడు గదుల్లో ఉంది. అది ఏ కంపెనీదీ కాదు, ఏ పార్టీదీ కాదు. కాలేజీ పిల్లలు కట్టిన కొత్త కొత్త పాటలు వేస్తారు, నడుమ నడుమ ఊళ్ళ సంగతులు చెబుతారు. వార్తలు అనకూడదట, సంగతులు అనాలట. ఆ తేడా ఏమిటో దేవరాజుకి ఎవరూ చెప్పలేదు, అతను అడగనూ లేదు.

అతని పని వినడం. స్టేషను గొంతు ఎంత దూరం వెళుతోందో, ఎక్కడ బుర్రుమంటోందో, ఎక్కడ చచ్చిపోతోందో రోజూ సైకిలు మీద తిరిగి చూడటం. ఏలూరు కాలవ వంతెన మొదలు కొల్లేటి లోపల సూరమ్మలంక వరకు ఆరు చోట్ల ఆగుతాడు. ఆగిన చోటల్లా స్టేషనుకి ఫోను చేస్తాడు. ఒక్క మోత మోగించి కట్ చేస్తే బాగా వినపడుతున్నట్టు. రెండు మోతలంటే బుర్రు. మూడంటే లేదు. అతని నంబరు కనిపిస్తే స్టేషనులో ఎవరూ ఫోను ఎత్తకూడదు, మోతలు లెక్కపెట్టుకోవాలి. ఈ పద్ధతి దేవరాజే పెట్టాడు. మాట్లాడే అవసరం లేకుండా పని జరిగిపోయే పద్ధతి అతనికి ఇంతకన్నా మంచిది ఏం దొరుకుతుంది?

పుట్టింది కొల్లేటికోట. మూడో తరగతిలో బడి మానేసి దోనె ఎక్కాడు. తరవాత చేపల చెరువుల్లో పని. సర్కారు వాళ్ళు వచ్చి ఆ చెరువు గట్లు తవ్వేసిన ఏడు పనీ పోయింది, గట్టు మీద పాకా పోయింది. చాలాకాలం బుట్టలో శీలావతి చేపలు వేసుకుని సైకిలు మీద ఊళ్ళు తిరిగాడు. కేక వెయ్యాల్సిన వ్యాపారం, కేక వెయ్యని మనిషి. "ఈయన నోట్లో ముత్యాలున్నాయండీ, తెరిస్తే రాలిపోతాయని భయం" అని భార్య రత్నమాణిక్యం అందరి దగ్గరా అనేది. ఆవిడే ముందు నడిచి కేక వేసేది. ఆవిడ పోయాక బుట్ట దించేశాడు. రేడియో పెట్టిన కొత్తల్లో మేడ మెట్లెక్కి వెళ్ళి, "మా వైపు వినపడట్లేదండి" అని చెప్పి దిగిపోబోయాడు. అప్పుడే చేరిన ఇందు అనే అమ్మాయి వెనకే మెట్లు దిగి వచ్చి, "మరి ఎందాకా వినపడుతోందో చెప్పగలరా అండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకి జవాబు చెబుతూనే ఉన్నాడు ఇంతకాలమూ.

ఐదు చోట్లా ఒక్కొక్క మోత అయింది. సూరమ్మలంక చేరేసరికి ఎనిమిది కావస్తోంది. వీరాస్వామి టీ బడ్డీ ముందు సైకిలుకి స్టాండు వేసి, రేడియో సౌండు పెంచి, బల్ల మీద కూచున్నాడు. ఎదురుగా చెరువు. చెరువు నడుమ దోనె మీద నిలబడి రూతమ్మ చేపల మేతకి తవుడు గోతాలు కర్రలకి కడుతోంది. ఇంత దూరానికి మనిషి వేలెడంతే ఉంది గాని, ఆ వంగే తీరు చూస్తే తెలుస్తుంది. ఆమె ఇల్లు ఆ చెరువు గట్టు మీదే. కొడుకు జాకబ్ ఆ చెరువుకే కాపలా.

పోయిన వారం ఇందుని ఆమె దగ్గరికి తీసుకొచ్చింది దేవరాజే. చెరువు ఖాళీ చేసినప్పుడల్లా ఆసామి మనుషులు చేపల మందు కలిసిన ఆ నీళ్ళు తెల్లారకుండానే ఊరి మంచినీళ్ళ చెరువులోకి పోయే కాలవలోకి వదులుతున్నారు. పిల్లల ఒళ్ళంతా దద్దుర్లు. రేపు అధికారులు వచ్చి పరీక్షకి నీళ్ళు పట్టుకెళతారు. ఆ లోపల ఎవరో ఒకరు నోరు విప్పాలి. లేకపోతే శుభ్రమైన చోటు చూపించి, శుభ్రమైన సీసా నింపించి పంపేస్తారు. రూతమ్మ చాలాసేపు ఆలోచించి, దేవరాజు మొహంలోకి చూసి, "పేరు రాదు కదా అన్నయ్యా?" అని అడిగింది.

"రాదమ్మా" అన్నాడు.

ఆ ఒక్క మాట మీద ఆమె పావుగంట మాట్లాడింది. అంతకు ముందేడు ఇలాగే మండలాఫీసులో నోరు విప్పిన ఒక కుటుంబం పాక ఒక్క పూటలో గట్టు మీద లేకుండా పోయింది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

రేడియోలో పాట అయిపోయింది. డప్పు లాంటి కొత్త దరువు మొదలైంది. అందులోంచి ఒక గొంతు పైకి లేచింది.

"వదిలేది వాళ్ళు, తాగేది మేము. కాదా మరి?"

దరువు ఆ మాటని పట్టుకుంది. కాదా మరి, కాదా మరి, కాదా మరి. తరవాత స్టేషను కుర్రాడు విశ్వతేజ గొంతు: "సూరమ్మలంక నీళ్ళ కథ. ఇవాళ సాయంత్రం ఐదున్నరకి, గట్టు రేడియోలో!"

దేవరాజు చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

పేరు రాలేదు. నిజమే. గొంతు వచ్చింది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే గొంతు, చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి జాకబ్‌ని అన్నానికి పిలిచే గొంతు. మాట చివర 'కాదా మరి' అని లాగడం ఈ లంకలో మరొకరికి లేదు. పదకొండేళ్ళుగా వినడమే పనిగా బతికినవాడు, పేరు దాస్తే మనిషి దాగుతుందని ఎలా అనుకున్నాడు?

"ఎవరబ్బా ఈవిడ?" అన్నాడు వీరాస్వామి పాలు తిరగపోస్తూ. "ఈ గొంతు నేనెక్కడో విన్నానండి. మా ఆవిడది మాత్రం కాదు, తిట్టు లేదు కదా అందులో."

బల్లకి ఆ చివర కూచున్న ఆసామి తరఫు చెరువు మేస్త్రి ఫోనులోంచి తల ఎత్తాడు. "మళ్ళీ ఎప్పుడేస్తారంట?"

"గంట గంటకీ ఏస్తారండి ఆయ్. ఏవండీ దేవరాజు గారూ, అంతేనాండి?"

దేవరాజు తల ఊపాడో లేదో అతనికే తెలీదు. లేచి బడ్డీ వెనక్కి వెళ్ళి ఫోను తీశాడు. స్టేషను నంబరు నొక్కాడు. ఒక మోత, రెండు, మూడు. కట్ చెయ్యలేదు. నాలుగు, ఐదు. ఎత్తండమ్మా. తొమ్మిది మోతలయ్యాక దానంతటదే ఆగిపోయింది. మళ్ళీ చేశాడు. ఇంకోసారి చేశాడు. ఇందు సొంత ఫోను స్విచ్చాఫ్. పాట నడుస్తున్నంతసేపూ లోపల సొంత ఫోన్లు ఆపేసి ఉంచుతారు.

నాలుగోసారి మోగుతుండగానే రేడియోలో విశ్వతేజ గొంతు కంగారుగా వచ్చింది. "సూరమ్మలంక శ్రోతలకి మనవి. మీ వైపు సిగ్నల్ అందటం లేదని తెలిసింది. సరిచేస్తున్నాం. ఇప్పుడు వినపడుతోందేమో చూడండి."

ఆ వెంటనే దరువు. "వదిలేది వాళ్ళు, తాగేది మేము. కాదా మరి?"

దేవరాజుకి ఒళ్ళంతా చెమట పట్టింది. మూడు మోతలంటే లేదు. తొమ్మిదంటే అసలే లేదు అనుకుంటున్నారు వాళ్ళు. అతను మోగించినకొద్దీ వాళ్ళు ఆ ముక్కే వేస్తారు. ఫోను జేబులో పడేసి, మళ్ళీ తీసి, ఒకసారి నొక్కి, ఒక్క మోతకే కట్ చేశాడు. బాగా వినపడుతోంది. మహా బాగా వినపడుతోంది. ఇంక ఆపండి.

ఆగింది. పాట వచ్చింది. తొమ్మిదింటికి మళ్ళీ వేస్తారు.

చెరువు నడుమ రూతమ్మ ఇంకో గోతాం ఎత్తుతోంది. అక్కడికి రేడియో వినపడదు. కేక వేస్తే గాలికి వినపడేది. కాని ఏమని వెయ్యాలి, మేస్త్రి బల్ల మీద ఉండగా? సైకిలు తిప్పాడు.

పధ్నాలుగు కిలోమీటర్లు. ఎదురుగాలి. గట్టు దారి పొడుగునా రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళలో గుర్రపుడెక్క, దాని మీద ఒంటికాలి కొంగలు. ఏదీ అతని కంటికి ఆనలేదు. హ్యాండిలు మీద రేడియో పాడుతూనే ఉంది. ఆపుదామని చెయ్యి వేశాడు గాని ఆపలేదు. వినకుండా ఉంటే ఏమవుతోందో తెలీదు, వింటూ ఉంటే కాళ్ళు ఆడవు. తొమ్మిదింటికి కాలవ లాకుల దగ్గర ఉండగా మళ్ళీ ఆమె గొంతు వచ్చింది. లాకుల దగ్గర గొర్రెలు తోలుకుపోతున్న మనిషి ఆగి విని నవ్వాడు. బాగుందన్నట్టు తల ఊపాడు. నిజానికి బాగుంది. అందుకే భయం. బాగోని పాటయితే ఎవరూ గుర్తు పెట్టుకోరు.

భుజం నుంచి సలుపు మోచేతిదాకా దిగింది. ఒకచోట దిగి, రాయి మీద కూచుని, నీళ్ళు తాగి, మళ్ళీ ఎక్కాడు. ఆదివారం ఫోనులో గ్రేస్ అడిగితే ఒంట్లో బాగానే ఉందన్నాడు. అబద్ధం చెప్పాలంటే కూడా నాలుగు మాటలు కావాలి. బాగానే ఉంది అన్నది ఒకటే మాట.

పది గంటల ముక్కకి ఐదు నిమిషాల ముందు మేడ మెట్లెక్కాడు. విశ్వతేజ డాబా మీద ఉన్నాడు, యాంటెన్నా వైరు పట్టుకుని.

"తాతగారూ! అందుతోందా అందట్లేదా అండీ? పొద్దున్నుంచి ఒకటే ఎక్కడం దిగడం. మోకాళ్ళు అరిగిపోయినాయండి బాబూ."

"అది ఆపు బాబూ" అన్నాడు దేవరాజు. ఊపిరి అందలేదు. "ఆ ముక్క. ముందది ఆపు."

అతను మూడు మాటలు వరసగా అనడం విని విశ్వతేజ వైరు వదిలేసి కిందికి పరిగెత్తాడు. పది గంటల ముక్క వెళ్ళలేదు.

ఇందు కుర్చీ వేసింది, మంచినీళ్ళిచ్చింది. అతను చెప్పింది మొత్తం కలిపితే అరచెయ్యి మీద రాసుకోవచ్చు. అయినా విన్నాక ఇందు మొహం పాలిపోయింది.

"పేరు తీసేశాం, ఊళ్ళో వీధి పేరు కూడా తీసేశాం" అంది. "గొంతు సంగతి నాకు తట్టనే లేదు బాబాయ్ గారూ. మేం ఏలూరు వాళ్ళం. మాకది ఒక ఆడమనిషి గొంతు, అంతే."

"నాకు తట్టాలి కదమ్మా" అన్నాడు దేవరాజు.

విశ్వతేజ కంప్యూటరు ముందు కూచుని రూతమ్మ గొంతుని బొంగురు చేసి వినిపించాడు. తరవాత కీచుగా చేశాడు. దేవరాజు కళ్ళు మూసుకుని విన్నాడు. రెండింటికీ తల అడ్డంగా ఊపాడు. "రంగు మార్చావు గాని నడక మారలేదు బాబూ. ఆమే."

"పోనీ మొత్తం తీసేద్దాం" అంది ఇందు. అని, తనే కిటికీ వైపు తిరిగింది. "తీసేస్తే రేపు వాళ్ళు శుభ్రమైన సీసా నింపుకుని పోతారు. ఆ మాటలు నేను చదివితే పట్నం అమ్మాయి కాయితం చూసి చదివినట్టుంటుంది. చెరువులో దిగిన మనిషి చెప్పాలి."

దేవరాజు తన అరచేతులు చూసుకున్నాడు. వల తాడు కోసిన గీతలు ఇప్పటికీ ఉన్నాయి.

"నేను చెబుతాను" అన్నాడు.

"మీరాండీ?"

"నా గొంతు ఎవరికి తెలుసమ్మా?"

ఇందు అతని మొహంలోకి చూసింది. పదకొండేళ్ళుగా రోజూ చూస్తున్న మనిషి. కళ్ళు మూసుకుంటే అతని గొంతు ఎలా ఉంటుందో ఆమెకీ గుర్తు రాలేదు.

మైకు ముందు కూచోబెట్టారు. చెవులకి హెడ్‌ఫోను పెట్టారు. కాయితం ఇస్తే వద్దన్నాడు. మూడో తరగతి చదువు ఆ అక్షరాల్ని కూడబలుక్కునేసరికి తెల్లారుతుంది. ఆమె పావుగంట చెప్పింది అతనికి మాట మాటా గుర్తుంది. వినడం వచ్చినవాడికి అది పెద్ద పని కాదు.

మొదటిసారి మాట మైకుకి అందలేదు. రెండోసారి దగ్గొచ్చింది. మూడోసారి మొదలుపెట్టాడు. చెరువు ఖాళీ చేసే రోజు చెప్పాడు, తూము తెరిచే వేళ చెప్పాడు, ఆ నీళ్ళ వాసన చెప్పాడు. "పిల్లల ఒంటి మీద దద్దుర్లు మీరు వస్తే మీకు కనపడతాయి. మాకు రాత్రంతా వాళ్ళు గోక్కునే చప్పుడు వినపడుతుంది" అన్నాడు. అది రూతమ్మ అన్న మాటే. ఆమె మాటలన్నీ చెప్పాడు గాని ఆమె 'కాదా మరి' అన్న ప్రతి చోటా ఆగి, ఊరుకుని, ముందుకు వెళ్ళాడు. చివర్న తనది ఒక్క వాక్యం కలిపాడు. "సీసా నింపేటప్పుడు తూము దగ్గరే నింపండి, అయ్యా."

అద్దం అవతల విశ్వతేజ కళ్ళు తుడుచుకుని, దగ్గరికి వచ్చి, నసిగాడు. "తాతగారూ, ఒక్క మాట. పాటంతా ఆ 'కాదా మరి' మీదే నిలబడిందండి. అది తీసేస్తే కూలిపోద్ది. అదీగాక పొద్దున్న మూడుసార్లు వెళ్ళిపోయింది కదా, తీసేస్తే ఇంకా అనుమానం."

"మరి?"

"తియ్యనండి. పంచిపెడతాను."

పాలు పోయడానికి వచ్చినావిడ, కింద ఇస్త్రీ బండి మనిషి, ఇందు, కాలేజీ పిల్లలు ఐదుగురు, అందరి చేతా 'కాదా మరి' అనిపించి దరువులో కలిపాడు. పదకొండు గంటల నుంచి గంట గంటకీ అదే వెళ్ళింది. మగ గొంతు, ఆడ గొంతు, ముసలి గొంతు, పిల్ల గొంతు. ఒకరి మాట కాస్తా వీధి మాటయింది.

ఇందు అన్నం పెట్టి పడుకోమంది. "సాయంత్రం మీరు వెళ్ళక్కర్లేదు బాబాయ్ గారూ. మొహం చూడండి ఎలా ఉందో. ఆటో పిలుస్తాను, ఇంటికెళ్ళండి."

"చివరిదాకా అందిందో లేదో చూడాలి కదమ్మా" అన్నాడు.

సూరమ్మలంక చేరేసరికి ఐదు దాటింది. బడ్డీ ముందు సైకిలుకి స్టాండు వేసి బల్ల మీద కూచున్నాడు. వీరాస్వామి టీ ఇచ్చాడు. మేస్త్రి కూడా వచ్చాడు, పక్కన ఇద్దరితో. వాళ్ళు రేడియో వైపు చూస్తూ నిలబడ్డారు. దేవరాజు తాగకుండానే గ్లాసు బల్ల మీద పెట్టేశాడు.

ఐదున్నర. దరువు. ఆ తరవాత ఒక ముసలి గొంతు. కాస్త జీరపోయిన గొంతు, తలుపు చాలాకాలానికి తెరిచినట్టు. దేవరాజు దాన్ని వింటూ, ఎవరో తెలీని మనిషి మాట వింటున్నట్టే కూచున్నాడు.

"పొద్దున్న ఆడమనిషి కదా అన్నది?" అన్నాడు మేస్త్రి.

"ఆర్టిస్టులండి. మధ్యాహ్నం నుంచి ఊరందరూ అంటున్నారు అందులో" అన్నాడు వీరాస్వామి. "ఈ ముసలాయనెవరో మాత్రం చెయ్యి తిరిగినవాడండోయ్. ఉంగుటూరు వైపు మనిషేమో, ఆ యాసే అది. ఏవండీ దేవరాజు గారూ?"

దేవరాజు తల ఊపాడు.

మేస్త్రి కాసేపు నిలబడ్డాడు. తూము దగ్గరే నింపండి అన్న మాట వచ్చినప్పుడు మొహం చిట్లించాడు. "ఎవడో గాని తూము దాకా తెలిసినవాడే" అని, పక్కవాళ్ళతో ఏదో అనుకుంటూ తూము వైపు కాక ఆసామి ఇంటి వైపు నడిచాడు. రూతమ్మ గుమ్మం ముందు నుంచే వెళ్ళాడు. అటు చూడలేదు.

గట్టు మీద పిల్లలు ఒంటికాలి మీద గెంతుతున్నారు. కాదా మరి, కాదా మరి.

దేవరాజు ఫోను తీసి నంబరు నొక్కాడు. ఒక్క మోత. కట్ చేశాడు. అక్కడ వట్లూరులో, ఊపిరి బిగబట్టి కూచున్న ఇందు ఆ ఒక్కటీ లెక్కపెట్టుకుని, రెండోది రాకపోవడం చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

అతనూ వాలాడు, బడ్డీ రాట కేసి.

వీరాస్వామి గ్లాసులు కడుక్కోవడానికి రేవులోకి దిగాడు. కాసేపటికి చీర నిండా పడిన తవుడు దులుపుకుంటూ రూతమ్మ గట్టు దిగి వచ్చింది. అటూ ఇటూ చూసి, బల్ల రెండో కొసన కూచుంది. అతనికేసి తిరగకుండా, నీళ్ళ వైపు చూస్తూ, గొంతు తగ్గించి మాట్లాడింది.

"పొద్దున్న జాకబ్ వచ్చి చెబితే నా ప్రాణం పోయిందన్నయ్యా. సామాన్లు మూట కట్టేశాను. చాపా, గిన్నెలూ అన్నీ. ఇప్పుడు మళ్ళీ విప్పాలి." చిన్నగా నవ్వింది. "మీ గొంతని నాకు మొదట తెలీలేదు. ఎప్పుడైనా విన్నానా ఏంటి? గోక్కునే చప్పుడు అన్నారు చూడండి, అప్పుడు తెలిసింది. ఒక్క మాట వదల్లేదు కదా మీరు. నేనన్నప్పుడు మీరు వింటున్నారని కూడా అనుకోలేదు."

అతను ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏమీ అనడు గనక ఆమె చెప్పుకుపోయింది. పొద్దున్న కట్టిన మూట గురించి, జాకబ్‌కి చూసిన సంబంధం గురించి, రేపు తూము దగ్గర నింపుతారా లేదా అన్నదాని గురించి. చెబుతూ చెబుతూ బల్ల మీద నిండుగా ఉన్న టీ గ్లాసు చూసింది. పైన మీగడ కట్టి ఉంది.

"టీ చల్లారిపోయింది అన్నయ్యా" అంది.

తరవాత అతని వైపు తిరిగింది.

ఆమె కేక పెట్టలేదు. లేచి దగ్గరికి వెళ్ళి, అతని చేతిలోంచి జారిపోబోతున్న ఫోను తీసి అతని జేబులో పెట్టింది. తెరిచి ఉన్న అతని కళ్ళు మూసి, తువ్వాలు సర్దింది. రేవులోంచి వీరాస్వామి గ్లాసులతో పైకి వస్తున్నాడు. రేడియోలో ఎవరో కొత్త పిల్ల కొత్త పాట ఎత్తుకుంటోంది, స్పష్టంగా, ఎక్కడా బుర్రు లేకుండా.

రూతమ్మ సైకిలు దగ్గరికి వెళ్ళింది. ముల్లుకి చెయ్యి తగలకుండా సౌండు మర ఒక్కటే టిక్కుమనేదాకా వెనక్కి తిప్పింది. ట్యూబు ముక్క కట్టు కట్టినట్టే ఉంది. అద్దం మీద సగం అరిగిన ఎర్ర చుక్క, ముల్లుని ఉన్నచోటే పట్టుకుని ఉంది.